ముసలి బొమ్మల టీచరమ్మ

పోయిన వారం కూరగాయల మార్కెట్లో వెనక నుంచి ఎవరో "కదలకు!" అని గట్టిగా అన్నారు. వంకాయల మీదికి వంగినవాణ్ణి వంగినట్టే ఆగిపోయాను. కాసేపటికి తిరిగి చూస్తే, ఒకాయన బండి మీద కూర్చోబెట్టిన చిన్న కూతురికి చెబుతున్నాడు. వంకాయలమ్మే ఆమె నన్ను ఎగాదిగా చూసి, "ఏమైందే అన్నా, నడుం పట్టిందా?" అని అడిగింది.

నడుం పట్టలేదు. టీచరమ్మ గుర్తుకొచ్చింది.

ఆమె పోయి ఒక వానాకాలం దాటింది. ఆమెకు మంచి పేరే ఉండేది, చర్చి రిజిస్టర్లో రాసి ఉంటుంది కూడా. కానీ గోదావరిఖనిలో ఆ పేరుతో పిలిచినవాళ్ళను నేను చూడలేదు. బళ్ళో డ్రాయింగ్ చెప్పి రిటైరైంది కాబట్టి అందరికీ టీచరమ్మే. మా షాపుకు వచ్చే పోయే వాళ్ళు మాత్రం ఆమె లేనప్పుడు "ముసలి బొమ్మల టీచరమ్మ" అనేవాళ్ళు. ఆమె ముసలివాళ్ళను తప్ప ఇంకెవర్నీ గీసేది కాదు.

"కదలకు" అనేది ఆమె మాట. దారిన పోయేవాళ్ళను, ముక్కూ మొహం తెలియనివాళ్ళను ఆ ఒక్క మాటతో ఆపేసేది. ఒకసారి షేరింగ్ ఆటోలో మాకెదురుగా ఒక ముసలాయన అరటిపండు ఒలుచుకుని నోట్లో పెట్టుకోబోతున్నాడు. "కాకా, కదలకు!" అంది టీచరమ్మ. ఆయన రెండు కాళ్ళూ సీటు మీదికి లాక్కుని, "ఏడుందమ్మా పాము?" అన్నాడు.

"పాము కాదు కాకా. నీ దవడ మస్తుంది. జర గట్లనే నోరు తెరిచి ఉండు."

ఆ మహానుభావుడు నిజంగానే అట్లా నోరు తెరుచుకుని, పండు చేత్తో పట్టుకుని చౌరస్తా దాకా వచ్చాడు. దిగేటప్పుడు ఆమె బొమ్మ చూపిస్తే చాలాసేపు చూసుకుని, "మా నాయన లెక్కనే ఉన్న" అన్నాడు. ఆ అరటిపండు ఆమెకే ఇచ్చి వెళ్ళిపోయాడు.

నాది చౌరస్తా దగ్గర ఫోటో స్టూడియో. పేరుకు స్టూడియో గానీ ఇప్పుడు ఫోటోలు దిగడానికి వచ్చేవాళ్ళెవరు? అందరి చేతుల్లోనూ ఫోన్లే. నాకు వచ్చే పని ఎక్కువగా పోయినవాళ్ళదే. పెద్దాయన పోయాడంటే ఇంటివాళ్ళు పాత ఫోటో ఒకటి పట్టుకొస్తారు. ముడతలు తీసెయ్యాలి, కోటు తొడగాలి, వెనకాల నీలి మబ్బులు పెట్టాలి. నేను కంప్యూటర్లో అవన్నీ చేసి, ఫ్రేము కట్టి ఇస్తాను. టీచరమ్మ తన బొమ్మలకు ఫ్రేములు కట్టించుకోవడానికి వచ్చి, నేను పని చేస్తుంటే నా భుజం మీది నుంచి చూసేది.

"గా అవ్వ మొఖం మంచిగ ఇస్త్రీ చేసినవ్ గదరా తమ్మీ," అనేది. "మడతలు పెట్టి బీరువల దాసుడే ఇంక."

"ఇంటోళ్ళు అడిగిన్రు టీచర్."

"అడుగుతరు. నువ్వు తీస్తవ్, నేను పెడత. ఇద్దరం ఒక్క షాపుల కూసున్నం. మనమేం బతుకుతం?"

ముసలివాళ్ళనే ఎందుకు గీస్తావని నేనొకసారి అడిగాను. ఆమె పెద్దగా ఆలోచించలేదు. "చిన్నోళ్ళ మొఖం మీద పెన్సిలు నిలువదు తమ్మీ, నున్నటి బండ మీద జారినట్టు జారిపోతది. ముసలోళ్ళదయితే కాలు పెట్టుకోను జాగలు మస్తుంటయ్. ఎక్కుకుంట పోవుడే," అంది.

ఇట్లాంటి బొగ్గు గనుల ఊళ్ళో గీస్తున్నందుకు ఆమెకు ఒక తిప్పలుండేది. ఆమె సంగతి ఎవరో ఫోన్లో పెడితే హైదరాబాద్ నుంచి కెమెరాలు పట్టుకుని ఇద్దరు ముగ్గురు వచ్చారు. వచ్చిన ప్రతివాళ్ళూ అడిగేది ఒకటే, "మీరు బొగ్గుతో బొమ్మలు గీస్తారట కదా, ఒక బొగ్గు పెళ్ళ చేత్తో పట్టుకుని నిలబడండి మేడం" అని. వేప పుల్లలను డబ్బాలో మూసి కాల్చుకుని, ఆ నల్ల పుల్లలతో గీసేది ఆమె. బాయిలో, అంటే గనిలో, తవ్విన బొగ్గుతో గీస్తే కాగితం చినగడం తప్ప గీత పడదు. ఆ సంగతి వాళ్ళకు చెప్పేది కాదు. "బొగ్గుతోని నేను చాయ కాస్త బిడ్డా, తాగుతరా?" అని లోపలికి తీసుకెళ్ళి, బొగ్గుల సిగిడి మీద నిజంగానే చాయ కాచి ఇచ్చేది. ఆ ఇంట్లో గ్యాసు పొయ్యి ఉంది. కెమెరా వాళ్ళు వచ్చినప్పుడే సిగిడి బయటికి వచ్చేదని నా అనుమానం.

మధ్యాహ్నం ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగ్ అయితే మా షాపు గోడలకున్న ఫ్రేములన్నీ ఒక్కసారి గలగలమంటాయి. మాకు అది అలవాటే, తలెత్తి కూడా చూడం. ఆమె మాత్రం ప్రతిసారీ చేయెత్తి, గోడల మీది పోయినవాళ్ళందరికీ, "కూసోండి కూసోండి, లేవకున్రి, నేనేం సార్ను కాదు" అని చెప్పేది. షాపులో దుఃఖంతో కూర్చున్న గిరాకీలు కూడా నవ్వేవాళ్ళు.

ఆమె బొమ్మలు అందరికీ నచ్చేవని కాదు. మా వాడకట్టులో, గనిలో పనివాళ్ళ మీద అజమాయిషీ చేసిన ఒక రిటైర్డ్ ఓవర్‌మెన్ ఉన్నాడు. మనిషి ఇప్పటికీ ఇస్త్రీ చొక్కా లేనిది గడప దాటడు. టీచరమ్మ గీసిన తన బొమ్మ చూసుకుని, "నేను గింత ముసలోన్నా?" అని అలిగాడు. ఇంటికి తీసుకుపోయి గోడకు తిప్పి పెట్టాడట. ఆయన భార్య రోజూ ఇల్లు ఊడ్చేటప్పుడు దాన్ని ఇటు తిప్పేది, ఆయన మళ్ళీ అటు తిప్పేవాడు. చివరికి ఆమే మా షాపుకు వచ్చి, "టీచరమ్మా, నలభై ఏండ్ల సంది నేను చెప్తే ఇనని మనిషికి నువ్వు ఒక్క బొమ్మతోని చెప్పినవ్," అని చేతులు పట్టుకుంది.

ఆమె కంటికి శుక్లాల ఆపరేషన్ అయిన తర్వాత మరో తమాషా జరిగింది. పట్టీ విప్పిన మర్నాడే షాపుకు వచ్చి, గుమ్మంలో నిలబడిపోయింది.

"గోడలకు సున్నం ఎప్పుడు కొట్టించినవ్?"

"కొట్టియ్యలే టీచర్. రెండేండ్లాయె."

"గింత తెల్లగున్నయేంది మరి?"

అని, చటుక్కున ఏదో తట్టినట్టు, అక్కడ ఫ్రేముల కోసం పెట్టిన తన రంగుల బొమ్మల దగ్గరికి వెళ్ళింది. ఒక్కొక్కటీ వెలుతురులోకి తెచ్చి చూసింది. ముందు నోరు తెరిచింది, తర్వాత స్టూలు మీద కూలబడి నవ్వడం మొదలుపెట్టింది. శుక్లం కమ్మిన కంటితో ఆ నాలుగైదేళ్ళలో గీసినవాళ్ళందరూ పసుపు నీళ్ళలో ముంచి తీసినట్టు ఉన్నారు. పోచమ్మకు మొక్కిన అవ్వా, చర్చిలో పాటలు పాడే తాతా అందరిదీ ఒకటే రంగు. "ఇంతమందికి నలుగు పెట్టిన తమ్మీ! ఒక్కరు కూడ చెప్పలేదు సూడు," అంది కళ్ళు తుడుచుకుంటూ.

సరిచేస్తావా అని అడిగితే తల అడ్డంగా ఊపింది. "ఎందుకు? అప్పుడు నా కండ్లకు గట్ల కనబడ్డరు. అబద్ధమైతే గియ్యలే గద."

ఆ తర్వాత చేతులకు వణుకు వచ్చింది. దాన్నీ ఆమె పండుగలాగే తీసుకుంది. "ఇప్పుడు మంచిగైంది తమ్మీ. ముడతలు వాటంతట అవే పడుతున్నయ్, నేను కష్టపడే పని లేదు," అనేది. ఆ మాటకు నేను పూర్తిగా నవ్వలేకపోయేవాణ్ణి. చాయ గ్లాసు రెండు చేతులతో పట్టుకోవడం అప్పటికే చూశాను.

లచ్చవ్వ మా షాపుకు వచ్చింది ఆ రోజుల్లోనే.

లచ్చవ్వది మా కాలనీకి అవతల, పాత క్వార్టర్ల పక్కన సొంత ఇల్లు. బొగ్గు కంపెనీ ఆఫీసులో నీళ్ళు పోసి, ఫైళ్ళు మోసి రిటైరైంది. డెబ్బై దాటిన మనిషి. ఒక మధ్యాహ్నం పాత తువ్వాలలో చుట్టిన ఫోటో చంకలో పెట్టుకుని వచ్చి, అద్దం పగిలింది మార్చమంది. విప్పితే లోపల ఒక నల్లటి కుర్రవాడు, కోర మీసం, నూనె రాసి పక్కకు దువ్విన జుట్టు, మెడ దాకా బొత్తాలు పెట్టిన చొక్కా.

"మనుమడా అవ్వా?" అని అడిగాను.

"మొగడు," అంది లచ్చవ్వ.

పక్కన కూర్చున్న టీచరమ్మ చాయ గొంతుకు అడ్డం పడేటట్టు నవ్వింది. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. లచ్చవ్వ మాత్రం ఏమీ అనుకోలేదు. "నీ తప్పేముంది బిడ్డా? అందరు గట్లనే అడుగుతరు. మొన్న మొదటిసారి ఇంటికొచ్చిన కోడలి దూరపు తమ్ముడైతే, 'మీ చిన్న కొడుకా అత్తమ్మా, ఎట్ల పోయిండు' అని కండ్లనీళ్ళు పెట్టుకున్నడు. నేనేం చెప్పాలె?"

"ఎట్ల పోయిండు?" అని మెల్లగా అడిగింది టీచరమ్మ.

"బాయిల అనుకుంటరు అందరు. బాయిల ఏం కాలే. జరమొచ్చి పోయిండు. అప్పుడు నా కొడుకు పాలు తాగుతుండె." ఫోటో మీది దుమ్మును కొంగుతో తుడిచింది. "గీయన గట్లనే ఉన్నడు, నేనొక్కదాన్నే ముసల్దాన్నయిన. పక్కన నిలబడాలంటే సిగ్గయితది. బిడ్డా, నీ కంప్యూటర్ల మస్తు చేస్తవట గద. జర గీయన్ను ముసలిగ చెయ్యరాదు?"

నా ఇన్నేళ్ళ పనిలో అట్లా అడిగినవాళ్ళు ఇంకెవరూ లేరు. ఫోన్లో ఒక యాప్ ఉంది, ఫోటో పెడితే వయసు పెంచి చూపిస్తుంది. పెట్టి చూపించాను. జుట్టు నెరిసింది, బుగ్గలు జారాయి, గీతలు పడ్డాయి. లచ్చవ్వ ఫోను దూరంగా పెట్టి చూసి, దగ్గరగా పెట్టి చూసి, నాకు తిరిగి ఇచ్చేసింది.

"ఎవరు బిడ్డా గీయన? ఎండిన బెండకాయ లెక్కున్నడు."

"అక్కా," అంది టీచరమ్మ, "నేను గీస్త. కని నువ్వు నా తోని కూసోవాలె, చెప్పాలె. అట్ల అయితదా?"

"చెప్పుటానికేం? గీ నోరు మూతపడ్తదా?" అంది లచ్చవ్వ.

అట్లా మొదలైంది. మధ్యాహ్నం వంట పని కాగానే లచ్చవ్వ టీచరమ్మ ఇంటికి వెళ్ళేది, ఒక్కోసారి ఇద్దరూ మా షాపుకే వచ్చేవాళ్ళు. టీచరమ్మ అడగడం, లచ్చవ్వ చెప్పడం, చెప్పినదాని మీద ఇద్దరూ కొట్లాడటం.

"మీ మామకు బట్టతలనా?"

"మా మామకు బట్టతలనే. కని నా మొగనికి రాదు."

"నాయనకొస్తే కొడుక్కు ఎందుకు రాదక్కా?"

"నేను నూనె పెడుదును గద! మా అత్తకు తీరికేడిది?"

పళ్ళ దగ్గర రెండు రోజులు పట్టింది. ఆయన జర్దా వేసేవాడు కాబట్టి ముందు పళ్ళు రెండు పోయి ఉండాలని టీచరమ్మ. పెళ్ళినాడే మాన్పించానని లచ్చవ్వ. నిజంగా మానేశాడా అని టీచరమ్మ. చివరికి, "ఒక్క పన్ను తీసెయ్," అంది లచ్చవ్వ.

మొదటి బొమ్మ పూర్తయింది. పెద్దమనిషి తరహాగా, కండువా వేసుకుని, దర్జాగా ఉన్నాడు. లచ్చవ్వ ఎంతోసేపు చూసి, టీచరమ్మ మనసు నొచ్చుకోకుండా చెప్పింది: "మంచి మనిషి లెక్కనే కొడుతుండు. ఎవలో గని."

టీచరమ్మ తల గోక్కుంది. రామకృష్ణాపూర్లో లచ్చవ్వ మరిది ఉన్నాడు, పోయినాయనకు సొంత తమ్ముడు. ఆయన ఫోటో ఒకటి తెప్పించి, ఆ పోలికలు కలిపి రెండో బొమ్మ గీసింది. అది చూసి లచ్చవ్వ చప్పున కొంగు నెత్తి మీదికి లాక్కుంది.

"ఇది మా మరిది! గీయన బొమ్మ నేను మంచం కాడ పెట్టుకుంటే నలుగురు ఏమనుకుంటరు?"

నేను పడీ పడీ నవ్వాను. లచ్చవ్వ కూడా నవ్వింది. టీచరమ్మ నవ్వలేదు. ఆ తర్వాత చాలా రోజులు షాపుకు రాలేదు. నేనే వెళ్ళాను. అరుగు మీద కూర్చుని ఉంది, ఒళ్ళో కాగితం ఉంది, దాని మీద ఏమీ లేదు. ఎదురుగా ఒక తాత మేకను ఈడ్చుకుంటూ పోతున్నాడు. ఆ మేక అటు లాగుతుంటే ఆయన ఇటు వంగిపోయి ఉన్నాడు. మామూలుగా అయితే వీధంతా దద్దరిల్లేటట్టు "కదలకు" అనాల్సిన సంగతి. ఆమె చూసి ఊరుకుంది.

"నా తోని కాదు తమ్మీ," అంది. "కండ్ల ముందట ఉన్నోళ్ళను గీసిన ఇన్నేండ్లు. ముసలితనం నాకు ఎర్కనే అనుకున్న. గీయన ఏ ముసలితనం సూడకనే పాయె. నేనేడికెళ్ళి తేవాలె?" అని చేతులు ఒళ్ళో పెట్టుకుంది. అవి వణుకుతున్నాయి. నా ముందు వాటిని దాచుకోవాలని చూడటం అదే మొదటిసారి.

ఆ తర్వాత రామకృష్ణాపూర్ మరిది తనంతట తానే బస్సెక్కి వచ్చాడు. తన బొమ్మ ఎవరో గీశారని, దాన్ని చూసి వదిన ముసుగేసుకుందని తెలిసి, ఆ సంబరం చూడ్డానికి వచ్చాడు. లచ్చవ్వ ఆయన్ను మా షాపుకు తీసుకొచ్చింది. నేను టీచరమ్మకు ఫోన్ చేసి పిలిపించాను. ఆ మరిదిది బట్టతల, తెల్ల బనీను మీద చొక్కా, మాటకు ముందు నవ్వు.

"మా అన్న నా కంటె పెద్దోడు. ఇప్పుడు నేనే ఆయన కంటె పెద్దోన్నైన," అన్నాడు కుర్చీలో కూర్చుంటూ. "గది ఎట్లనో నాకు సమజ్ కాదు టీచరమ్మా."

ఆయన ఓపికగా కూర్చున్నాడు. టీచరమ్మ ఉత్సాహం లేకుండానే గీస్తోంది. లచ్చవ్వ పక్క నుంచి ఏదో అంది. ఆయన "ఆఁ?" అని, కుడి చెయ్యి చెవి వెనక పెట్టి, మెడ వంచి, నోరు కొంచెం తెరిచి, వదిన వైపు వంగాడు.

"కదలకు!" అంది టీచరమ్మ.

ఆయనకు అది కూడా వినపడలేదు. అట్లాగే ఉన్నాడు.

"చెవులెప్పటి సంది గిట్లున్నయ్?" అని టీచరమ్మ అరిచి అడిగింది.

"బాయిల డ్రిల్లు మిషన్ మీద చేసిన గద. డ్రిల్లు కొట్టినోళ్ళందరికీ అంతే. రిటైరైనోళ్ళం పది మందిమి కూసుంటే పది మందిమి చెవిటోళ్ళమే," అని నవ్వాడు.

టీచరమ్మ లచ్చవ్వ వైపు తిరిగింది. "అక్కా, మీ ఆయన ఏం పని చేసేటోడు?"

లచ్చవ్వ మరిది చెయ్యినే చూస్తోంది. బట్టతల గురించి, పళ్ళ గురించి, షుగర్ వచ్చేదా రాదా, కొడుకు పెళ్ళిలో ఎవరితో అలిగేవాడు అన్నిటి గురించీ అంతగా ఆలోచించిన మనిషికి ఇది తట్టలేదు.

"డ్రిల్లు మీదనే," అంది చివరికి. "ఇద్దరన్నదమ్ములు డ్రిల్లు మీదనే. చెవులు పోయేటియే గద ఆయనకు." కొంగు సర్దుకుని, "టీచరమ్మా, నేను రోజు ఫోటోతోని మాట్లాడుత. పొద్దుగాల దీపం పెట్టేటప్పుడు. కోడలు ఇంటదని మెల్లగ మాట్లాడుత. ఇన్నేండ్ల సంది ఒక్క ముక్క ఇనలేదేమో!" అని నోటి మీద చెయ్యి పెట్టుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో నాకు తెలియలేదు. ఆ వయసులో రెంటికీ ముఖం ఒకటే తీరుగా ముడుచుకుంటుంది.

టీచరమ్మ లేచింది. ఆ రోజు గీసిన కాగితం కూడా తీసుకోలేదు. "అక్కా, రేపటి సంది ఆయన ఎట్లుండెనో నాకు చెప్పకు," అంది. "ఆయన ఉంటే నువ్వెట్ల లొల్లి పెట్టుకుందువో గది చెప్పు."

ఆ తర్వాత జరిగిందంతా నేను చూడలేదు. వీధిలో పోతుంటే మాత్రం వినపడేది. లచ్చవ్వ గొంతు పెంచి తిడుతుండేది: చాయలో చక్కెర వద్దన్న గద అని, కొడుకు డ్యూటీకి పోయేటప్పుడు అడ్డం మాట్లాడకని, కండ్లద్దాలు నెత్తి మీద పెట్టుకుని ఇల్లంతా వెతుకుడేందని. మధ్యలో టీచరమ్మ, "ఇంకా! ఇంకా గట్టిగ!" అనేది. పక్కింటివాళ్ళు ఇద్దరు ముసలమ్మలు కొట్లాడుకుంటున్నారని ఒకసారి విడిపించడానికి వచ్చారట.

బొమ్మ పూర్తయి ఫ్రేముకు వచ్చినప్పుడు నేను గుడ్డ విప్పి చూసి, మేకులు కొట్టే సుత్తి పక్కన పెట్టేశాను. వణికే చేత్తో గీసిన గీతలు. ముఖం పూర్తిగా మన వైపు లేదు. ఒక ముసలాయన మంచం అంచున కూర్చుని, పక్కకు వంగి, చెవి వెనక చెయ్యి పెట్టుకుని, ఫ్రేములో లేని ఎవరి మాటో వింటున్నాడు. తలలో జుట్టు పల్చబడింది గానీ పోలేదు. పన్ను ఒకటి లేదు. కళ్ళద్దాలు నెత్తి మీద ఉన్నాయి. తిట్లు తింటున్నవాడి ముఖం. దానికి అలవాటు పడినవాడి ముఖం. కింద మీసం మాత్రం ఆ కోర మీసమే, తెల్లబడి.

ఆదివారం పగలు మేము దాన్ని లచ్చవ్వ ఇంటికి తీసుకెళ్ళాం. కొడుకు గనిలో డంపర్ ఆపరేటరు, ఆ రోజు డ్యూటీ లేదు. కోడలు, పిల్లలు, రామకృష్ణాపూర్ మరిది అందరూ ఉన్నారు. టీచరమ్మ గుడ్డ తీయకుండా గుమ్మం దగ్గరే నిలబడింది. బళ్ళో పరీక్ష రాసిన పిల్లలా ఉంది. నేనే గుడ్డ తీసి మంచం మీద నిలబెట్టాను.

కొడుకు ఒక అడుగు ముందుకు వేసి ఆగాడు. తండ్రిని ఎరగని మనిషి, తన కంటే పెద్దవాడైన తండ్రిని అప్పుడే చూస్తున్నాడు.

లచ్చవ్వ వచ్చి మంచం మీద, ఆ బొమ్మ ఎటు వంగిందో అటు వైపు కూర్చుంది. ఆ ముసలాయన సరిగ్గా ఆమె మీదికే వంగినట్టయింది. ఆమె బొమ్మ చెవి దగ్గర నోరు పెట్టి, వీధి చివరి దాకా వినపడేటట్టు అరిచింది:

"చాయ తాగుతవా?"

ముందు నవ్వింది మరిది, ఆయనకు కూడా వినపడింది కాబట్టి. తర్వాత అందరం నవ్వాం. కొడుకు నవ్వుతూనే వెనకింట్లోకి వెళ్ళాడు. చాలాసేపటి తర్వాత ముఖం కడుక్కుని వచ్చాడు.

దండ వేద్దామని కోడలు తెచ్చి పెట్టుకుంది. లచ్చవ్వ వెయ్యనివ్వలేదు. కుర్రవాడి ఫోటోకు మాత్రం ఎప్పటిలాగే వేయించింది. "రెండు ఎందుకే అత్తమ్మా, పాతది తీసెయ్యరాదు?" అంటే, "ఏ, ఉండనీ. గాయన నా పెండ్లికొడుకు, గీయన నా మొగడు," అంది.

ఆ సంగతి గోదావరిఖని అంతా తెలిసింది. మందమర్రి నుంచీ బెల్లంపల్లి నుంచీ కూడా ఫోటోలు పట్టుకుని వచ్చారు. టీచరమ్మ చాలామందిని వెనక్కి పంపింది. వచ్చినవాళ్ళు ఆ పోయిన మనిషి ఎంత మంచివాడో చెబుతుంటే ఆమె పెన్సిలు తీసేదే కాదు. "ఎవలన్న కొట్లాడేటోళ్ళుంటే తోలుకొని రాన్రి," అనేది. అట్లా ఉన్నవాళ్ళవి ఐదారు గీసింది. చేతులు ఇక పని చేయని రోజు వచ్చేదాకా గీసింది.

చివరగా ఆమె నా దగ్గరికి ఫ్రేముకు తెచ్చిన బొమ్మలో ఇద్దరు ముసలమ్మలు అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తున్నారు. ఒకామె టీచరమ్మే. రెండో ఆమె ఎవరని అడిగాను.

"మా చెల్లె. బెల్లంపల్లిల ఉన్నప్పుడు పోయింది, పలక పట్టుకొని బడికి పోయే వయసుల. ఫోటో కూడ లేదు. దిగనేలే." అని మామూలుగానే, అద్దం వద్దు, వెలుతురు పడి కనపడదు అని చెప్పి వెళ్ళిపోయింది.

ఆమె పోయినప్పుడు వాన. సమాధి కార్యక్రమం అయి అందరం తడిసి ఆమె ఇంటికి వచ్చి, చాపల మీద కూర్చున్నాం. టీచరమ్మ మేనకోడలు ఒక మూల మోకాళ్ళలో తల పెట్టుకుని ఉంది. గోడకు ఆ చిక్కుడుకాయల బొమ్మ ఉంది. లచ్చవ్వ దాన్ని అంతకు ముందు చూడలేదు. "గా రెండో ఆమె ఎవలు బిడ్డా?" అని నన్ను అడిగింది. చెల్లెలని, చిన్నప్పుడే పోయిందని చెప్పాను.

లచ్చవ్వ లేచి బొమ్మ ముందుకు వెళ్ళింది. నడుం మీద చేతులు పెట్టుకుని ఆమెనూ ఈమెనూ మార్చి మార్చి చూసింది.

"చెల్లెను అక్క కంటె ముసల్దాన్ని చేసి, తను మంచిగ సోకుగ కూసున్నది సూడు!" అంది. "ఊరోళ్ళందరికి ముడతలు పంచింది గని, తన కాడికి వచ్చేసరికి పెన్సిలు నడువలే!"

ముందు ఒకరు, తర్వాత ఇద్దరు, ఆఖరికి చాపల మీద ఉన్నవాళ్ళందరూ నవ్వారు. తడి బట్టలతో, ముక్కులు తుడుచుకుంటూ నవ్వారు. మేనకోడలు తలెత్తి, లేచి వెళ్ళి, ముక్కు ఆనేంత దగ్గరగా ఆ బొమ్మను చూసింది.

"నిజమే అవ్వా," అంది. "అత్తమ్మ మెడ మీద ఒక్క గీత కూడ లేదు."